బలం గోలీలకు కూడిక ఎవరు వేస్తారు?

"బలానికే కదా, వేసుకుంటే పోయేదేముంది?"

మన తెలుగువాళ్ళ ఆరోగ్యశాస్త్రం మొత్తాన్నీ ఒక్క వాక్యంలోకి కుదించమంటే ఇదే వస్తుంది. హైటెక్ సిటీలో మా సాఫ్ట్‌వేర్ జనం డెస్కు మీద పెట్టుకునే మల్టీవిటమిన్ డబ్బా దగ్గర్నుంచి, దుమ్ముగూడెం పక్క ఊళ్ళో ఆర్‌ఎంపీ డాక్టరు రాసే బలం టానిక్కు దాకా నమ్మకం ఒక్కటే. విటమిన్ అంటే మందు కాదు, తిండి లాంటిది. తక్కువైతే నష్టం, ఎక్కువైతే ఒంట్లోంచి అదే పోతుంది.

ఈ నమ్మకం తప్పు. దీనికంటే పెద్ద తప్పు ఇంకోటుంది. ఒక మనిషి ఒంట్లోకి అన్ని దారుల్నుంచీ కలిపి రోజుకి ఎంత పోతోందో లెక్క కట్టే బాధ్యత మన వ్యవస్థలో ఎవరికీ లేదు. మందుల కంపెనీకి తన గోలీ సంగతే తెలుసు. పౌరసరఫరాల శాఖకి తన బియ్యం సంగతే తెలుసు. అంగన్‌వాడీకి తన పొడి, ఏఎన్‌ఎమ్‌కి తన గోలీ. విడివిడిగా చూస్తే అందరూ కరెక్టే. మా భాషలో చెప్పాలంటే ప్రతి మాడ్యూలూ దాని టెస్టు అది పాసయింది, అన్నీ కలిపి నడిపి చూసిన నాథుడు మాత్రం లేడు. కలిపి నడిచేది మనిషి ఒంట్లో.

మాది ఖమ్మం జిల్లా. కాబట్టి ఈ గొడవని ఖమ్మం, భద్రాచలం అడవి అంచుకే తీసుకెళ్తాను. కానీ ముందు మన ఇళ్ళ సంగతి చూద్దాం, లేకపోతే ఇదేదో ఏజెన్సీవాళ్ళ సమస్య అనుకుని పేజీ తిప్పేస్తారు.

మూత్రంలో పోయేవి, పోనివి

"ఎక్కువైంది మూత్రంలో పోతుంది" అన్నది కొన్ని విటమిన్ల విషయంలోనే నిజం, అదీ కొంత మేరకే. ఎ, డి విటమిన్లు కొవ్వులో కరుగుతాయి, ఒంట్లో నిలవుంటాయి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ, అదే మన తార్నాక ఎన్‌ఐఎన్, 2020లో ఇచ్చిన నివేదికలో ఏది రోజుకెంత కావాలో చెప్పడంతో పాటు ఎంత దాటకూడదో కూడా చెప్పింది. పెద్దవాళ్ళకి విటమిన్ ఎ 3000 మైక్రోగ్రాములు, విటమిన్ డి 4000 యూనిట్లు, ఐరన్ 45 మి.గ్రా. "రోజుకెంత కావాలి" అన్న అంకె ప్రతి డబ్బా మీదా శాతాల్లో మెరుస్తూ ఉంటుంది. "ఎంత దాటకూడదు" అన్న అంకె మీరెప్పుడైనా డబ్బా మీద చూశారా?

విటమిన్ డి 60,000 యూనిట్ల సాచెట్ అందరికీ తెలుసు. డాక్టరు వారానికొకటి, ఇన్ని వారాలు అని రాస్తాడు. ఆ చీటీ పోతుంది, సాచెట్ పేరు గుర్తుంటుంది. నెలల తరబడి కొనసాగించేవాళ్ళున్నారు, రోజూ తాగినవాళ్ళూ ఉన్నారు. దానికి తోడు కాల్షియం గోలీలో డి, మల్టీవిటమిన్‌లో డి, డి కలిపిన నూనె, డి కలిపిన పాలు. ఎక్కువైతే రక్తంలో కాల్షియం పెరుగుతుంది. వాంతులు, విపరీతమైన దాహం, చివరికి కిడ్నీల దాకా వస్తుంది.

సరే, నీళ్ళలో కరిగేవాటితో భయం లేదు కదా అంటారా? బి6 నీళ్ళలో కరిగేదే. మోతాదు మించి చాలాకాలం వాడితే నరాలు దెబ్బతిని కాళ్ళూ చేతులూ తిమ్మిర్లెక్కుతాయని 1983లోనే వైద్య పత్రికల్లో వచ్చింది. అమెరికా వాళ్ళ పరిమితి రోజుకి 100 మి.గ్రా. యూరప్ ఆహార భద్రతా సంస్థ 2023లో తన పరిమితిని 12కి దించింది. ఇక్కడి తమాషా ఏమిటంటే తిమ్మిర్లని షాపుకెళితే మనవాళ్ళు ఇచ్చేది "నరాల బలం" గోలీ, అందులో చాలావాటిలో ఉండేది బి6. తిమ్మిరి తగ్గలేదని ఇంకోటి కలుపుతారు. జబ్బు ఏదో, మందు ఏదో తెలియని స్థితి.

ఫోలిక్ ఆమ్లం ఇంకో ఉదాహరణ. రోజుకి 1000 మైక్రోగ్రాములు దాటొద్దంటారు. మన షాపుల్లో దొరికే మామూలు గోలీ 5 మి.గ్రా., అంటే 5000 మైక్రోగ్రాములు. డాక్టరు కారణం ఉండి రాస్తే అది వేరే విషయం. ఎవరి లెక్కా లేకుండా వాడితే మాత్రం బి12 లోపాన్ని కప్పేస్తుంది. రక్తం బాగున్నట్టు కనిపిస్తుంది, లోపల నరాలు చెడిపోతుంటాయి. శాకాహారులు ఎక్కువగా ఉన్న ఇళ్ళలో ఇది చిన్న విషయం కాదు.

ఇక అడవి అంచుకి

2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 5 ఏళ్ళలోపు పిల్లల్లో 70 శాతం, 15-49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. కాబట్టి ఐరన్ ఇవ్వడమే కుట్ర అనే బాపతు వాదన నాది కాదు. ఇవ్వాల్సిందే. ఎవరికి, ఎంత, ఇంకా దేనితో కలిపి అన్నదే నా ప్రశ్న.

2023లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఒక గర్భిణికి ఏయే దారుల్లో ఐరన్ చేరేదో వరసగా చూడండి.

1. ఎర్ర గోలీ. 2018లో మొదలైన రక్తహీనత ముక్త భారత్ లెక్క ప్రకారం రోజుకొకటి, 180 రోజులు. ఒక్కో గోలీలో 60 మి.గ్రా. ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం. రక్తహీనత తేలితే రోజుకి రెండు.

2. బలవర్ధక బియ్యం. 2021 ఆగస్టు 15న ప్రధాని ప్రకటించిన పథకం. వెనుకబడ్డ ఆకాంక్షిత జిల్లాలు రెండో విడతలోనే ఉన్నాయి, ఆ జాబితాలో మన జిల్లా ఉంది. ప్రమాణం ప్రకారం కిలోకి 28 నుంచి 42.5 మి.గ్రా. ఐరన్. రోజుకి 400 గ్రాముల బియ్యం తినే మనిషికి 11 నుంచి 17 మి.గ్రా.

3. న్యూట్రిషన్ కిట్. 2022 డిసెంబరు 21న అప్పటి ప్రభుత్వం రక్తహీనత ఎక్కువగా ఉన్న 9 జిల్లాల్లో మొదలుపెట్టింది, ఇందులోనూ మన జిల్లా ఉంది. పోషకాల పొడి, ఖర్జూరం, నెయ్యి, వీటితో పాటు 3 సీసాల ఐరన్ సిరప్.

4. అంగన్‌వాడీ భోజనం.

5. పైన చెప్పిన ఆర్‌ఎంపీ గారి బలం టానిక్కు. ఇది ఏ రిజిస్టర్లోనూ ఉండదు.

మొదటి రెండూ కూడితేనే 71 నుంచి 77. సిరప్, పొడి, టానిక్కు ఇంకా కలపలేదు. 45 అన్నది మామూలు మనుషుల హద్దు, వైద్యం కోసం డాక్టర్లు దాన్ని దాటి ఇస్తారు, ఇవ్వాలి కూడా. తెలిసి దాటడానికీ తెలియక దాటడానికీ తేడా ఉంది. సిరప్ అనేది గోలీకి బదులా, గోలీతో పాటా? ఎవరో ఒకరు నోటితో చెప్పాల్సిన మాట అది. చెప్పకపోతే ఆమె రెండూ వేసుకుంటుంది. కడుపులో తిప్పి, మలబద్ధకం పట్టుకుంటే రెండూ పెంట కుప్పలో పారేస్తుంది. ఎక్కువ ఇచ్చి అసలుకే మోసం తెచ్చే పద్ధతి ఇదే. పైగా కాల్షియం గోలీలు కూడా ఇస్తారు. ఐరన్, కాల్షియం కలిపి మింగితే ఐరన్ సరిగా ఒంటికి పట్టదు, మధ్యలో రెండు గంటలన్నా ఉండాలి. ఇది కూడా కూడికలో భాగమే.

అదే కూడిక ఆశ్రమ పాఠశాల పిల్లకి వేయండి. నీలం గోలీ వారానికొక్కటే, 60 మి.గ్రా., అంటే రోజుకి 9 లోపు. అన్నంలో మహా అయితే 17. మొత్తం 26. ఆరోగ్యంగా ఉన్న పిల్లకి ఇది హద్దులోపే. చూశారా, లెక్క కడితే భయం పెరగడమే కాదు, అక్కర్లేని భయం పోతుంది కూడా. బియ్యంలో తెల్లగా తేలే గింజల్ని ప్లాస్టిక్ బియ్యమని ఊళ్ళకి ఊళ్ళు ఏరి పారేశాయి. ఇదీ అని ముందే కూర్చోబెట్టి చెప్పకపోతే ఆ పుకార్లే పుడతాయి.

మరి ఎవరికి ప్రమాదం?

ఐరన్‌కి ఒక గుణం ఉంది. ఒంట్లోకి రావడానికి దారి ఉంది, పోవడానికి దాదాపు లేదు. రోజుకి 1, 2 మి.గ్రా. మించి బయటికి పోదు. ఆరోగ్యవంతుడి పేగు అవసరాన్ని బట్టి తలుపు తీస్తుంది, మూస్తుంది. తలసీమియా ఉన్నవాళ్ళలో ఆ తలుపు పాడవుతుంది. రక్తం ఎక్కించాల్సిన అవసరం రాని తలసీమియా రకాల్లో సైతం పేగు అవసరానికి మించి ఐరన్ పీలుస్తుంది. ఇక రక్తం ఎక్కించుకునేవాళ్ళకి ఒక్కో యూనిట్‌తో 200 మి.గ్రా. పైచిలుకు ఐరన్ లోపలికి వెళ్తుంది. అది గుండెలో, కాలేయంలో పేరుకుంటుంది. దాన్ని బయటికి లాగడానికి జీవితాంతం వేరే మందులు వాడాలి.

ఇదంతా ఎక్కడో ఉన్న జబ్బు కాదు. ఉమ్మడి ఖమ్మం జిల్లాలో తలసీమియా పిల్లల గురించి ఇక్కడ పేపరు చదివే ప్రతివాడికీ తెలుసు. కోయల్లో సికిల్ సెల్ ఉందన్నది దశాబ్దాల కిందటే నమోదైంది. ఈ రెండు జబ్బుల్లోనూ హిమోగ్లోబిన్ తక్కువే ఉంటుంది. వేలు గుచ్చి చూసే మిషన్‌కి ఐరన్ లేక తగ్గిన రక్తానికీ, జన్యువు వల్ల తగ్గిన రక్తానికీ తేడా తెలియదు. అంకె తక్కువ, కాబట్టి ఐరన్. మళ్ళీ తక్కువ, కాబట్టి ఇంకా ఐరన్.

అడవిలో మలేరియా కూడా ఉంది. టాంజానియాలోని పెంబా దీవిలో, మలేరియా బాగా ఉన్నచోట, పసిపిల్లలకి ఐరన్, ఫోలిక్ ఆమ్లం ఇచ్చి చూసిన పెద్ద పరీక్ష ఫలితాలు 2006లో లాన్సెట్‌లో వచ్చాయి. ఇచ్చిన పిల్లల్లో ఆసుపత్రి పాలవడమో, చనిపోవడమో 12 శాతం ఎక్కువగా జరిగింది. ఆ భాగాన్ని మధ్యలోనే ఆపేశారు. అప్పట్నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట, మలేరియా ఉన్నచోట పిల్లలకి ఐరన్ ఇస్తే మలేరియా నివారణ, పరీక్ష, వైద్యం కూడా పక్కనే ఉండాలని. మన కార్యక్రమం మార్గదర్శకాల్లో కూడా జ్వరంతో ఉన్న బిడ్డకి ఆపమనీ, తలసీమియా ఉంటే ఇవ్వొద్దనీ రాసే ఉంది. కాగితం మీద అన్నీ ఉంటాయండీ. ఆ కాగితం గోలీతో పాటు గూడెం చేరుతుందా అన్నదే అసలు సంగతి.

లేబుల్ గొడవ

2018లో వచ్చిన ఆహార బలవర్ధక నిబంధనల్లో ఒక మంచి వాక్యం ఉండేది. ఐరన్ కలిపిన ఆహారం సంచి మీద, తలసీమియా ఉన్నవాళ్ళు వైద్యుల పర్యవేక్షణలో తినాలని, సికిల్ సెల్ ఉన్నవాళ్ళు తినవద్దని హెచ్చరిక ఉండాలి. రేషన్ షాపులో ఏం జరుగుతుందో మనకి తెలియనిదా! సంచి డీలరు దగ్గరే ఉంటుంది, బియ్యం విడిగా తూచి పోస్తారు. హెచ్చరిక షాపు గుమ్మం దాటదు. దీనిమీద కొందరు 2023లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. చివరికి 2024 జులైలో ఆ హెచ్చరికనే తీసేశారు. 2024 అక్టోబరులో కేంద్ర మంత్రివర్గం పథకాన్ని 2028 డిసెంబరు దాకా కొనసాగించాలని నిర్ణయించింది.

తీసేయడానికి చెప్పిన కారణం ఏమిటంటే, తలసీమియా రోగికి రక్తం ద్వారా వచ్చే ఐరన్ ముందు బియ్యంలోది చాలా స్వల్పం. సికిల్ సెల్ రోగుల్లో ఐరన్‌ని అడ్డుకునే హెప్సిడిన్ అనే పదార్థం సహజంగానే ఎక్కువ, కాబట్టి అదనంగా పీల్చుకునే అవకాశం తక్కువ.

ఇది తీసిపారేసే వాదనేమీ కాదు. బియ్యం ఒక్కటీ చూస్తే వాళ్ళు చెప్పింది చాలావరకు ఒప్పుకోవచ్చు. కానీ ఆ బిడ్డ బియ్యం ఒక్కటే తినడు కదా! అదే బిడ్డకి బళ్ళో గోలీ ఇస్తారు, అంగన్‌వాడీలో పొడి ఇస్తారు, జ్వరమొస్తే టానిక్కు పోస్తారు. ప్రతిచోటా "మాది స్వల్పమే" అన్న సమాధానమే వస్తుంది. పది స్వల్పాలు కలిస్తే ఎంతవుతుందో తేల్చిన లెక్క ఆ జవాబులో లేదు. రక్తం ఎక్కించుకోని తలసీమియా రకాల్లో ఆ హెప్సిడిన్ తక్కువగా ఉంటుంది, ఎక్కువగా కాదు. వాళ్ళకి ఈ జవాబు వర్తించదు. అసలు హెచ్చరిక రాయడానికయ్యే ఖర్చెంతని? సంచి మీద ఒక వాక్యం. ఆ వాక్యాన్ని షాపు గోడ మీదికి, కోయ భాషలోకి మార్చి ఇంకా ముందుకు తీసుకెళ్ళాల్సింది పోయి ఉన్నదే చెరిపేశారు.

విటమిన్ ఎ సంగతీ ఇంతే. 1970లో, ఎన్‌ఐఎన్ పరిశోధన పునాదిగా, పిల్లల్లో అంధత్వం ఆపడానికి భారీ మోతాదుల కార్యక్రమం మొదలైంది. ఏడాది నిండిన బిడ్డకి ఆరు నెలలకోసారి 2 లక్షల యూనిట్లు. అప్పటి పరిస్థితికి అది అవసరం. ఆ సంస్థని నడిపిన సి. గోపాలనే తర్వాత కాలంలో, పరిస్థితి మారాక కూడా అందరికీ ఇదే మోతాదు ఎందుకని గట్టిగా ప్రశ్నించారు. 2021లో ఎన్‌ఐఎన్ శాస్త్రవేత్తలు కూడా పాలుపంచుకున్న ఒక అధ్యయనం, లోపం తగ్గిందని, అవసరమైన చోట మాత్రమే ఇవ్వాలని వాదించింది. ఈలోగా నూనెలోనూ పాలలోనూ విటమిన్ ఎ కలపడం వచ్చింది. కొత్తది కలిపినప్పుడు పాతదాన్ని తిరిగి చూడాలన్న ఆలోచన మన శాఖలకి రాదు.

మూడు రాష్ట్రాల మధ్య

భద్రాచలంలో ఇంకో చిక్కుంది. 2014లో పోలవరం కోసం ఏడు మండలాల్ని ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. భద్రాచలం పట్నం తెలంగాణలో, ఆనుకునే ఉన్న ఎటపాక ఆంధ్రాలో. చింతూరు, కూనవరం జనం, అవతల ఛత్తీస్‌గఢ్ కోంట వైపు జనం కూడా జబ్బు చేస్తే భద్రాచలం ఏరియా ఆసుపత్రికే వస్తారు. గోలీ ఇచ్చేది ఒక రాష్ట్రం, బియ్యం ఇచ్చేది ఇంకో రాష్ట్రం, రక్తం ఎక్కించేది మూడో రాష్ట్రం కావచ్చు. నా రెండు ఫోన్ల మధ్య ఫొటోలు వాటంతటవే కలిసిపోయే ఈ రోజుల్లో, గోదావరి ఒడ్డున ఒక తల్లి పుస్తకం పక్క మండలంలో పనికిరాదు.

ఇక్కడ నాకు ఎదురయ్యే వాదన తెలుసు. "అడవిలో అందేదే అరకొర, నువ్వు ఎక్కువవుతుందని ఏడుస్తున్నావా?" అని. నిజమే, చాలామందికి అందట్లేదు. కానీ ఎవరికి అందట్లేదో, ఎవరికి రెండుసార్లు అందుతోందో తెలియాలన్నా కావలసింది ఆ మనిషి పేరు మీద ఒక కూడికే కదా! సగటు లెక్కలో సగం మందికి సున్నా, సగం మందికి రెట్టింపు వచ్చినా రిపోర్టులో నూరు శాతమే కనిపిస్తుంది.

ఏం చెయ్యాలి?

2023 జులై 1న సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలైంది. 40 ఏళ్ళలోపు 7 కోట్ల మందిని పరీక్షించి కార్డులివ్వడం లక్ష్యం. ఆ కార్డు మీదే నాలుగు గళ్ళు గీయండి. గోలీ, బియ్యం, పొడి, సిరప్. "ఈ మనిషికి ఐరన్ ఇవ్వొచ్చు" లేదా "డాక్టర్ని అడగకుండా ఇవ్వొద్దు" అని ఒక్క గుర్తు. చదువు రానివాళ్ళకి రంగు చాలు. తలసీమియా పరీక్షని కూడా ఆ వరసలోనే కలపండి. గోలీలకి లొంగని రక్తహీనత కనిపిస్తే ఇంకో సీసా ఇవ్వడం ఆపి, రక్తం భద్రాచలమో ఖమ్మమో పంపించండి. తలసీమియా బిడ్డ ఉన్న ఇంటికి ఐరన్ కలపని బియ్యం అడిగే హక్కు ఉండాలి. తీసేసిన హెచ్చరిక తిరిగి రావాలి, తెలుగులో, కోయలో, షాపు గోడ మీద.

మన ఇళ్ళలో చెయ్యాల్సింది ఇంకా తేలిక. ఇంట్లో ఉన్న గోలీలు, పొడులు, సిరప్పులు అన్నీ ఒకచోట పోయండి. ఒక కాగితం మీద ఒక్కోదాంట్లో ఏముందో రాసి కూడండి. పేర్లకి మోసపోవద్దు. పైరిడాక్సిన్ అన్నా బి6 ఒకటే, కొలికాల్సిఫెరాల్ అన్నా డి3 ఒకటే, రెటినాల్ అన్నా రెటినిల్ పాల్మిటేట్ అన్నా విటమిన్ ఎ. డి 1 మైక్రోగ్రాము అంటే 40 యూనిట్లు. ఎ 1 మైక్రోగ్రాము అంటే 3.3 యూనిట్లు. ఒకే పోషకం రెండు డబ్బాల్లో కనిపిస్తే ఒకటి ఎందుకుందో డాక్టర్ని అడగండి. గర్భిణులు రెటినాల్ ఉన్న గోలీలు, చేప కాలేయపు నూనె సొంతంగా మొదలుపెట్టొద్దు. బలమని రోజూ మేక కార్జం పెట్టడం కూడా వద్దు, అందులో ఎ విటమిన్ చాలా ఎక్కువ, బిడ్డకి మంచిది కాదు. మునగాకు, తోటకూర ఎంత తిన్నా ఆ భయం లేదు. ఆకులోని దాన్ని ఒళ్ళు తనకి కావలసినంతే విటమిన్‌గా మార్చుకుంటుంది.

డాక్టరు రాసిన ఐరన్ గోలీలు ఈ టపా చదివి మానేయకండి, నేనడిగేది అది కాదు. కానీ ఆ డబ్బా పిల్లలకి అందని ఎత్తులో పెట్టండి. తియ్యటి పూత ఉన్న ఎర్ర గోలీ పసివాడికి చాక్లెట్టే. 10 కిలోల బిడ్డ 60 మి.గ్రా. గోలీలు పది మింగితే ప్రాణం మీదికొస్తుంది. ఆ డబ్బా మా గూడేల్లో ఇప్పుడు చాలా ఇళ్ళలో ఉంది, చూరు కింద, గూట్లో, పిల్లాడి చెయ్యి అందేంత ఎత్తులో. దాన్ని ఇచ్చి సంతకం పెట్టించుకున్న శాఖ ఈ ఒక్క మాటైనా చెప్పి ఇచ్చిందా లేదా, మీ ఊరి ఆశా కార్యకర్తని ఈ వారంలో అడగండి.